ముడులున్న కఱ్ఱ – మంచి విల్లు

పూర్వము ఇంగ్లండు దేశపు సేనలలో పొడవైన విండ్లు మిక్కిలి ప్రసిద్ధి గాంచినవి. ఎనిమిదవ హెన్రీ ప్రభువునకు ‘మేరీ రోజ్’ అను యుద్ధనౌక యుండెను. అది 1545వ సంవత్సరమున పోర్ట్స్‌మత్ రేవునకు చేరువ సముద్రమున మునిగిపోయెను. ఆ శిథిలనౌకను 1982లో పైకి తీసిరి. దానియందు దొరకిన విండ్లు 170కి పైబడినవి. ఇంచుమించు 2 మీటర్ల పొడవుగల ఆ విండ్లన్నియు ‘యూ’ అను చెట్టు కఱ్ఱతో చేసినవే.

యూ కఱ్ఱయందు గొప్ప గుణము కలదు. బెరడు క్రింది తెల్లని చెక్క సాగుడునకు ఓర్చును; లోపలి ఎఱ్ఱని చేవ నొక్కుడునకు ఓర్చును. విల్లు వంగినప్పుడు గుఱివైపుననుండు వీపు సాగును. విలుకానివైపుననుండు కడుపు నొక్కుకొనును. కావున తెల్లచెక్క వీపునకును, చేవ కడుపునకును వచ్చునట్లు దుంగను చీల్చుకొందురు.

అయితే మంచి యూ కఱ్ఱ ఆ దేశమున కొఱతపడెను. కఱ్ఱ దొరకు దేశములనుండి వచ్చు వర్తకనౌకలు ఒక్కొక్క టన్ను సరకునకు నాలుగేసి వింటికఱ్ఱలను తేవలెనని 1472లో శాసనమే చేసిరి. ఇట్టి స్థితిలో దోషమున్న కఱ్ఱనెల్ల పారవేయుట సాధ్యమా? దోషమును దాచి విల్లు చేసినచో అది యుద్ధమధ్యమున విఱుగును. విలుకాని ప్రాణమే పోవును. కనుక దోషమును గుర్తెఱిగి మెలగుటయే శిల్పి విద్య.

మొదటి దోషము ముడి. కొమ్మ మొలచిన చోట ముడి యేర్పడును. ఏటిలో బండను చుట్టి పాఱు నీటివలె కఱ్ఱపోగులు ముడిని చుట్టి పోవును. వీపున వానిని అడ్డముగా తెగగోసినచో, విల్లు వంగినప్పుడు తెగిన కొన పైకి లేచి పెళ్లగిలును. అందుచే శిల్పి ముడిని చదునుచేయక, దానిచుట్టు కొంత చెక్కను మిట్టగా విడిచిపెట్టును. చూపునకు అది బొడిపెవలె నుండును; వింటికి మాత్రము అదియే రక్ష.

రెండవది వంకర. కఱ్ఱపోగు మెలిక తిరిగియున్నచో గీత గీచి నేరుగా చెక్కరాదు. పోగు పోయిన దారినే విల్లు పోవలెను. వంకర మితిమీరినచో ఆవిరిలో కాచి మెల్లగా సరిచేయుదురు.

మూడవది పగులు. పచ్చికఱ్ఱ త్వరగా ఎండినచో కొనలయందు పగులును. దీనిని నివారించుటకు కొనలకు మైనము పూసి నీడలో ఆరబెట్టుదురు. పోగువెంట నిలువుగా పోవు సన్నని పగులు అంత హానికరము కాదు. ప్రక్కకు సాగి అంచును చేరు పగులు ప్రమాదకరము.

చెక్కుట ముగిసిన పిమ్మట వంపును పరీక్షింపవలెను. ఒక్కసారిగా పూర్తిగా లాగరాదు. కొంచెము వంచి, బిఱుసుగానున్న చోటును ఆకురాతితో రాచి, మరల వంచి చూడవలెను. ముడియున్న చోటు తక్కిన భాగముకంటె కొంచెము తక్కువగా వంగవలెను. అచ్చట కఱ్ఱ పలుచనైనచో వంపంతయు ఆ చోటనే చేరి, కడుపున సన్నని ముడుతగీతలు పడును. అట్టి గీతలు పడిన విల్లు చిరకాలము మన్నదు.

మేరీ రోజ్ మునిగిన 1545వ సంవత్సరముననే రోజర్ ఆస్కమ్ అను పండితుడు ‘టాక్సోఫిలస్’ అను ధనుర్విద్యా గ్రంథమును ప్రకటించెను. విల్లు కొనువాడు ముడియు పగులును లేనిదానిని ఎన్నుకొనవలెనని అతని హితవు. కొనువానికి అది తగిన మాటయే. కాని చేయువానికి అట్టి ఎంపిక అన్నివేళల దొరకదు. చేతికందిన కఱ్ఱలో ఎచ్చట బలమున్నదో, ఎచ్చట బలహీనతయున్నదో ఓర్పుతో చూచి, దానికి తగినట్లు ఉలిని నడుపుటయే అతని నేర్పు. తొందరపడి ముడిని నునుపుచేసినవాని విల్లు అందముగా నుండి విఱుగును. ముడిని గౌరవించినవాని విల్లు బొడిపెలతోనే బాణమును దూరముగా పంపును.