ఇంగ్లీషు మాటల వెనుక ఊళ్లు, మనుషులు

ఇంగ్లీషు పదాలు నేర్చుకోవడానికి మన హాస్టల్లో ఉన్నది ఒకటే పద్ధతి. నోటుబుక్కులో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం, రోజుకు ఇరవై చొప్పున బట్టీ. పోటీ పరీక్ష రాసి బయటికి రాగానే అందులో పదిహేను ఎగిరిపోతాయి. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము ఇంకో దారి చెప్పదలచుకున్నాం. మాటను దాని పుట్టుకతో కలిపి చదవండి. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ఇంట్లో ఎవరినీ అడిగే వీలు లేదు కాబట్టి, ఆదివారాలు నాంపల్లి నుంచి నడుచుకుంటూ అబిడ్స్ వెళ్లి, మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో డిక్షనరీలు ఏరుకున్నాం. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. కన్సైజ్ ఆక్స్‌ఫర్డ్ లాంటి వాటిలో ప్రతి మాట చివరా ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అట్ట చిరిగినా ఫరవాలేదు, అది ఉండాలి.

అబిడ్స్ పేరుతోనే మొదలుపెడదాం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆల్బర్ట్ అబిడ్ అనే ఆర్మీనియన్ ఆంతరంగిక సేవకుడిగా ఉండేవాడు. ఆయన దుకాణం పేరే ఆ చోటికి వచ్చింది. చివరనున్న 'స్' బహువచనం కాదు, ఇంగ్లీషు షష్ఠీ విభక్తి. అంటే 'అబిడ్ యొక్క' అని. గ్రామర్ పుస్తకంలో మనల్ని తిప్పలు పెట్టే అపాస్ట్రఫీ ఇదే. 'అబిడ్స్‌కి పోతున్నా' అన్నప్పుడు ఇంగ్లీషు విభక్తి మీద తెలుగు విభక్తి ఎక్కిస్తున్నామన్నమాట! నాంపల్లిలో 'పల్లి' మనదే. ముందున్న 'నాం' మాత్రం గోల్కొండ కాలపు నేక్‌నాం ఖాన్ పేరులోనిదని చెబుతారు. అబిడ్స్ పక్కనే ఉన్న గన్‌ఫౌండ్రీ, రెండో నిజాం కాలంలో ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోత పోయించిన చోటు. ఆ 'మస్యూ రేమండ్' జనం నోట నలిగి నలిగి 'మూసారాం' అయ్యాడు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే.

పరాయి మాటను మనం విరిచినట్టే, మన మాటలను వాళ్లూ విరిచారు. మన దేశం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటలతో యూల్, బర్నెల్ అనే ఇద్దరు 1886లో పెద్ద నిఘంటువు వేశారు. దాని పేరు 'హాబ్సన్ జాబ్సన్'. ఇవి మనుషుల పేర్లు కావు. మొహర్రం ఊరేగింపులో వినిపించే 'యా హసన్, యా హుసేన్' అనే కేక తెల్ల సిపాయిల నోట అలా తయారైంది. మన ఉచ్చారణ విని నవ్వేవాళ్లకు ఈ పుస్తకం పేరు ఒకసారి వినిపించవచ్చు.

ఇక తెలుగు మాటలు. ధాన్యం బస్తాలు కొరికి, ఇంటి పునాదులు తవ్వే మన పందికొక్కు ఇంగ్లీషులో 'బాండికూట్' అయింది. అంతటితో ఆగలేదు. ఆస్ట్రేలియా వెళ్లిన ఇంగ్లీషువాళ్లు అక్కడ కనిపించిన ఒక సంచి జంతువుకూ అదే పేరు పెట్టారు. ఎలుకకూ దానికీ చుట్టరికమే లేదు. మనం ఏ చిన్న పక్షినైనా పిట్ట అంటాం. శాస్త్రజ్ఞులు 1816 నుంచి రంగురంగుల రెక్కలున్న ఒక పక్షి ప్రజాతికి 'పిట్టా' అనే పేరు ఖాయం చేశారు. గోడౌన్ విషయంలో పండితులు తమిళ 'కిడంగు', మన 'గిడ్డంగి', మలయా భాషలోని 'గుడంగ్' మూడింటినీ చూపిస్తారు. ఎవరి వాటా ఎంతో వాళ్లే తేల్చుకోవాలి.

మన హాస్టల్ మాటలూ చూడండి. హాస్టల్, హోటల్, హాస్పిటల్ ముగ్గురూ ఒక తల్లి బిడ్డలు. వాటి మూలమైన లాటిన్ మాటకు అతిథి అనీ, అతిథిని ఆదరించేవాడనీ రెండర్థాలు. 'మెస్' అంటే మొదట ఒకసారి వడ్డించిన తిండి. గందరగోళం అనే అర్థం చాలా తర్వాత వచ్చింది (మన సాంబారు చూసి పెట్టింది మాత్రం కాదు). వార్డెన్, గార్డియన్ ఒకే మాట. ఫ్రెంచిలో కొన్ని ప్రాంతాల వాళ్లు 'వ' అన్నచోట మిగతావాళ్లు 'గ' అన్నారు, అంతే తేడా. స్కూల్ అనే మాటకు మూలమైన గ్రీకు మాటకు అర్థం 'తీరిక'. తీరిక ఉన్నవాడే చదువుకునేవాడు. పొద్దున కూలికి పోకపోతే రాత్రి పొయ్యి వెలగని మా ఇళ్లలోకి చదువు ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందో ఈ ఒక్క మాట చెప్పేస్తుంది.

మన వైపు నుంచి వెళ్లిన మాటలన్నీ ముచ్చటైనవి కావు. బ్యాంకు పరీక్షల పదాల పట్టికల్లో 'పరయా' అనే మాట వస్తుంది. ఎదురుగా 'వెలివేయబడినవాడు' అని ఒక్క ముక్క ఉంటుంది. ఇంగ్లీషు పత్రికలు ఎవరూ పొత్తు పెట్టుకోని దేశాన్ని 'పరయా స్టేట్' అంటాయి. ఊరకుక్కకూ ఇంగ్లీషులో అదే పేరు పెట్టారు. తమిళంలో 'పరై' అంటే డప్పు. డప్పు వాయించే కులంవాళ్లు పరైయర్లు. బతికున్న మనుషుల కులం పేరును 17వ శతాబ్దంలో ఎత్తుకుపోయి, తర్వాత తిట్టుగా వాడారు. మన పేటల్లో డప్పు మోగని పెళ్లి ఉండదు, చావు ఉండదు. ఆ మాట ఎవరిదో మనకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? పరీక్షలో వస్తే జవాబు గుర్తించండి, మార్కు వదులుకోవద్దు. వ్యాసంలో, గ్రూప్ డిస్కషన్‌లో మాత్రం ఆ మాట వాడవద్దని మా అభిప్రాయం. 'ఔట్‌కాస్ట్' అన్నా అందులో కులం వాసన ఉంది. 'ఐసొలేటెడ్' అంటే సరిపోతుంది.

ఇంకొకరు పెట్టిన పేరు వద్దనడం మనతో మొదలైంది కాదు. 1910లో ఈ చుట్టుపక్కలే, ఇసామియా బజారులో, దళిత పిల్లలకు బడి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు అధ్యక్షులు. నాలుగు వర్ణాల తర్వాత ఐదోవాడు అని చెప్పే ఆ పేరే వద్దన్నారాయన. ఈ నేలకు మొదటివాళ్లం మేమే అన్నారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం మనవాళ్లను ఆది హిందువులుగా నమోదు చేసింది.

చివరగా మన సర్టిఫికెట్ మీదున్న రెండు మాటలు. 'కాస్ట్' మన దేశపు మాటే కాదు. జాతి, వంశం అనే అర్థంలో పోర్చుగీసువాళ్లు తెచ్చిన 'కాస్తా' అది. 'షెడ్యూల్' లాటిన్‌లో చిన్న కాగితం ముక్క. చట్టం చివర జతచేసే పట్టికకు ఆ పేరు వచ్చింది. 1935 భారత ప్రభుత్వ చట్టం ఆ మాటను వాడింది. 1936లో కులాల పట్టిక వెలువడింది. రాజ్యాంగం వచ్చాక 1950లో మళ్లీ పట్టిక వేశారు. మన స్కాలర్‌షిప్పు, మన గది, మన మెస్ బిల్లు ఆ కాగితం ముక్క మీదే నడుస్తున్నాయి. బ్రిటిష్ వాళ్లు దాన్ని 'షెడ్యూల్' అంటారు, అమెరికా వాళ్లు 'స్కెడ్యూల్' అంటారు. ఇంటర్వ్యూలో ఏది పలికినా తప్పు కాదు.