ఆకులోని మాంసకృత్తుల రవాణా, విచ్ఛిత్తి: బీటీ పత్తిలో దాని పర్యవసానం

కరీంనగర్ ఆయకట్టు వరిలో గింజ పాలుపోసుకునే దశలో కింది ఆకులు పసుపుబారుతాయి. దీనిని ప్రతిసారీ తెగులుగానో ఎరువు లోపంగానో భావించనవసరం లేదు. ఆకు నత్రజనిలో పెద్ద భాగం రూబిస్కో మొదలైన హరితరేణు మాంసకృత్తులలో ఉంటుంది. అవి విచ్ఛిన్నమై, అమినో ఆమ్లాల రూపంలో పోషక కణజాలం ద్వారా కంకికి చేరి, గింజలో గ్లుటెలిన్లుగా తిరిగి రూపొంది నిల్వ రిక్తికలలో చేరతాయి. ఆదిలాబాద్ నల్లరేగడి పత్తిలోనూ ముదిరే ఆకు తన నత్రజనిని కాయలకు అప్పగిస్తుంది. అయితే బీటీ పత్తి ఆకులో పురుగును చంపే మాంసకృత్తి కూడా ఉన్నందున అక్కడ ఈ ప్రక్రియకు వేరొక ప్రాముఖ్యం ఏర్పడుతుంది.

మాంసకృత్తి కణంలో ఎక్కడికి చేరవలసినదీ సూచించే సంకేతం దాని అమినో ఆమ్లాల గొలుసులోనే ఉంటుంది. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలోని క్రై1ఎసికి అట్టి సంకేతం లేనందున అది కణద్రవ్యంలోనే ఉంటుంది. 2006లో వచ్చిన రెండవ తరంలో అదనంగా చేర్చిన క్రై2ఎబికి హరితరేణు ప్రవేశ పెప్టైడ్ జతచేయబడింది. రేణువులో ప్రవేశించగానే ఆ పెప్టైడ్ తెగిపోతుంది.

విచ్ఛిత్తికి ప్రధాన మార్గాలు రెండు. 76 అమినో ఆమ్లాల యుబిక్విటిన్ గొలుసుగా అతికిన మాంసకృత్తులను ప్రోటియాజోమ్ ముక్కలు చేస్తుంది. హరితరేణు భాగాల వంటి పెద్ద సరుకు స్వభక్షణ ద్వారా రిక్తికకు చేరి అక్కడ జీర్ణమవుతుంది. ఆకు ముదిరినా, నత్రజని కొరవడినా ఈ రెండవ మార్గం చురుకవుతుంది. ఏ మాంసకృత్తి నిల్వ అయినా తయారీకి, విచ్ఛిత్తికి మధ్య మిగిలేదే. క్రై మాంసకృత్తులు ఇందుకు మినహాయింపు కావు.

నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థకు చెందిన క్రాంతి తదితరులు ఎనిమిది సంకరాలపై జరిపి 2005లో ప్రచురించిన పరిశీలనలో క్రై1ఎసి ఆకులలో అత్యధికంగా కనిపించింది. కాయ తొక్కలో, మొగ్గలో, పువ్వు అండాశయంలో అది పూర్తి రక్షణకు చాలలేదు. పైరు వయసుతో తగ్గింది కూడా. పురుగు ఆశించేది ఈ భాగాలనే కావడం గమనార్హం. అందువల్ల కాయలో పురుగు కనిపించగానే విత్తనం నకిలీదని నిర్ధారించడం తొందరపాటు. పరీక్షకు పైభాగాన పూర్తిగా విచ్చుకున్న లేత ఆకును తీసుకోవాలి. ముదురు ఆకు తప్పుదారి పట్టించవచ్చు.

గులాబీరంగు పురుగు ఈ రెండు మాంసకృత్తులకూ నిరోధకత పెంచుకున్న మాట వాస్తవమే గనుక దోషమంతా విచ్ఛిత్తిపై మోపరాదు. ఆలస్యంగా యూరియా కుమ్మరించినా ప్రయోజనం లేదు. లేత చివుళ్లు వచ్చి రసం పీల్చే పురుగులు పెరుగుతాయి. లింగాకర్షక బుట్టలో రాత్రికి 8 చొప్పున వరుసగా 3 రాత్రులు మగ రెక్కల పురుగులు పడితే చర్య చేపట్టాలి. పంటను డిసెంబరు దాటనీయక మోళ్లు తొలగించడం మేలు.