సంస్మరణ దినాలు

పాఠ్యభాగ ఉద్దేశం: గడిచిన కాలాన్ని గుర్తుచేసే జయంతులు, ఉత్సవాలు నేటి తరానికి ఏ బాధ్యతను అప్పగిస్తాయో తెలియజేయడం.

మనిషి కాలాన్ని ఆపలేడు. కాని గడిచిన కాలాన్ని ఏడాదికొకసారి పిలిచి పలకరించగలడు. జయంతులు, వర్ధంతులు, రజతోత్సవాలు, స్వర్ణోత్సవాలు అన్నీ అటువంటి పిలుపులే. తెలుగువారికి 60 ఏండ్లతో ప్రత్యేక అనుబంధం ఉంది. ప్రభవ మొదలు అక్షయ వరకు గల సంవత్సర నామాలు ఒక చుట్టు పూర్తిచేసి తిరిగి మొదటికి వస్తాయి. షష్టిపూర్తి వేడుకకు మూలం ఇదే.

శ్రీ సత్యసాయి జిల్లాలోని బుక్కపట్నం పేరులోనే చరిత్ర దాగి ఉంది. 1336లో హరిహరరాయలు, బుక్కరాయలు అనే సోదరులు విజయనగర రాజ్యాన్ని స్థాపించారని ప్రసిద్ధి. ఆ బుక్కరాయల పేరును ఈ ఊరు నేటికీ మోస్తున్నది. చిత్రావతి నీటితో నిండే ఇక్కడి పెద్ద చెరువు కూడా విజయనగర కాలం నాటిదే. సమీపంలోని పెనుకొండ, 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధం ముగిసిన తరువాత, ఆ రాజ్యానికి రాజధాని అయింది. కాబట్టి ఈ ప్రాంతానికి విజయాల తేదీలే కాక పరాజయపు తేదీ కూడా స్మరణీయమే.

శ్రీకృష్ణదేవరాయల పట్టాభిషేకం 1509-10 నాటి శుక్ల నామ సంవత్సరంలో జరిగింది. నాటి నుండి ఎనిమిది చుట్లు తిరిగి, 1989లో మళ్ళీ శుక్ల వచ్చింది. పట్టాభిషేకానికి 500 ఏండ్లు నిండిన సందర్భంగా 2010లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలో ఉత్సవాలు జరిగాయి.

రాయల కాలాన్ని సామాన్య ప్రేక్షకుల కళ్ళెదుట నిలిపిన ఘనత ఒక సినిమాకు కూడా దక్కింది. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1895లో తన నవలలో కాలయంత్రాన్ని ఊహించాడు. ఆ ఊహను తెలుగు నేలకు తెచ్చిన చిత్రం ‘ఆదిత్య 369’. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో ఇది 1991 జులై 18న విడుదలైంది. ఇందులోని యంత్రం నాయకుణ్ణి మొదట 1526 నాటి రాయల కొలువుకు, తరువాత 2504కు చేరుస్తుంది. సింగీతం తన తొలినాళ్ళలో కె.వి. రెడ్డి వద్ద సహాయకుడుగా పనిచేశాడు. అనంతపురం జిల్లా తాడిపత్రికి చెందిన ఆ దర్శకుడు తీసిన ‘మాయాబజార్’ 1957లో విడుదలై, 2007లో స్వర్ణోత్సవం జరుపుకున్నది. 2010లో రంగుల్లో మళ్ళీ తెరపైకి వచ్చింది. గురువు పురాణ కల్పనతో మెప్పిస్తే, శిష్యుడు వైజ్ఞానిక కల్పనతో మెప్పించాడు.

ఇన్ని ఉత్సవాల నడుమ ఒక లోటు కనిపిస్తుంది. రాజులకు జయంతులున్నాయి, చిత్రాలకు స్వర్ణోత్సవాలున్నాయి. చెరువుకు మాత్రం పుట్టినరోజు లేదు. మట్టి మోసి కట్ట పోసిన కూలీల పేర్లు ఏ ఉత్సవ వేదికపైనా వినిపించవు. అయినా వానలు తక్కువైన ఈ సీమలో పంటను, పశువును, మనిషిని శతాబ్దాలుగా నిలిపినవి ఇటువంటి చెరువులే. వాటిని సకాలంలో పూడిక తీసి, కట్టను, తూములను కాపాడుకోవడమే ఆ కూలీలకు అర్పించదగిన నివాళి.

రాయల పట్టాభిషేకానికి వెయ్యేండ్లు నిండేది 2509లో. సినిమా ఊహించిన 2504కు అది కేవలం ఐదేండ్ల దూరం. అప్పటివారు ఏ యంత్రంలో ప్రయాణిస్తారో ఎవరూ చెప్పలేరు. వారికి దప్పిక మాత్రం తప్పదు. ఆనాడు బుక్కపట్నం చెరువులో నీరు నిలిచి ఉండాలంటే, దానికి కావలసిన పని ఈనాడే జరగాలి. గతాన్ని స్మరించడంలోని సార్థకత భవిష్యత్తుకు తోడ్పడినప్పుడే సిద్ధిస్తుంది.

అర్థాలు
సంస్మరణ = చక్కగా తలచుకొనడం
కొలువు = రాజసభ
సార్థకత = ప్రయోజనం నెరవేరడం

ప్రశ్నలు
1. షష్టిపూర్తికి, తెలుగు సంవత్సరాల పేర్లకు గల సంబంధమేమి?
2. ‘ఆదిత్య 369’ చిత్రంలోని కాలయంత్రం నాయకుణ్ణి ఏయే కాలాలకు చేర్చింది?
3. “చెరువుకు మాత్రం పుట్టినరోజు లేదు” అనే వాక్యంలోని ఆంతర్యాన్ని వివరించండి.