ఉపాలి మూసిన తలుపు

పోయిన ఆదివారం పఠన తరగతి అయిపోయి చాపలు మడతపెడుతుంటే ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "అన్నా, బోనాలకు మా అమ్మ ఎల్లమ్మకు బోనం చేస్తది. ఆ అన్నం నేను తినాల్నా వద్దా? పోయినేడు తిననంటే మూడు దినాలు నాతో మాట్లాడలె."

ఆ తమ్ముడు దీక్ష తీసుకొని ఏడాది దాటింది. 22 ప్రతిజ్ఞలు కాగితం చూడకుండా చెప్తాడు. నేను అప్పటికేదో సర్దిచెప్పి పంపాను గానీ, ఆ జవాబు నాకే సరిపోలేదు. ఈ నెల పాఠం ఆ ప్రశ్న మీదనే.

ఉపాసకులారా, ధమ్మంలోకి వచ్చినోళ్లకు సభల్లో కష్టం ఉండదు. అక్కడ నీలి జెండా ఉంటది, మనవాళ్లు ఉంటరు. కష్టమంతా ఇంట్లోనే. దేవుని గూడు ముందర, పెండ్లి పిలుపు దగ్గర, అన్నిటికంటే ఎక్కువ చావు దగ్గర. చర్చికి పోయే ఇండ్లల్లోంచి వచ్చినోళ్లది కూడా ఇదే బాధ.

మజ్ఝిమ నికాయంలో ఉపాలి సుత్తం ఉంది. ఉపాలి నాలందా నగరంలో పేరున్న గృహస్థు. నిగంఠ నాతపుత్తుని శిష్యుడు. అంటే మనం జైనులు అంటున్నామే, వాళ్ల మార్గం. తథాగతుణ్ణి వాదంలో ఓడించి వస్తానని బయల్దేరాడు. వాదం సాగిన కొద్దీ బుద్ధుని మాటే నిజమనిపించి, తనను ఉపాసకునిగా తీసుకొమ్మని అడిగాడు. వేరే ఎవరైనా అయితే వెంటనే డప్పులు కొట్టించేవారు. తథాగతుడు మాత్రం, బాగా ఆలోచించుకో, నీవంటి పేరున్నవాళ్లు విచారించి నిర్ణయం తీసుకోవడం మంచిది అన్నాడు. అంతటితో ఆగలేదు. ఇన్నేండ్లుగా నీ ఇల్లు నిగంఠులకు ఊటబావిలాగ ఉంది, వాళ్లు వస్తే భిక్ష పెట్టాలన్న సంగతి మరువకు అని కూడా చెప్పాడు.

మన ప్రచారకులు ఈ కథను ఇక్కడికి చెప్పి ఆపేస్తారు. నేనూ చాలా ఏండ్లు అట్లనే చెప్పాను. సుత్తం మాత్రం ఆగదు. ఉపాలి ఇంటికి పోయి ద్వారపాలకుణ్ణి పిలిచాడు. ఇయ్యాల్టి నుంచి నిగంఠులకు మన తలుపులు మూసినట్టే, భిక్ష కావాలంటే ఇక్కడనే నిలబడమను, ఇక్కడికే తెచ్చి ఇస్తారని చెప్పు అన్నాడు. అన్నం పెట్టమన్న మాట నిలబెట్టాడు. ఇల్లు మాత్రం మూశాడు.

నా ఆలోచనలో ఉపాలి గురువు మాటను సగమే విన్నాడు. ఈ మాట ఆయనను తక్కువ చేయడానికి అనడం లేదు. నేను కూడా అదే సగం విన్నవాణ్ణి.

మా నాయన చనిపోయి తొమ్మిదేండ్లయింది. నేను పెద్దకొడుకును. పాడె మోశాను, తలకొరివి పట్టనన్నాను. మూడో దినం పిట్టకు పెట్టేటప్పుడు, కాకి ఎప్పుడు ముడుతదా అని చుట్టాలందరూ ఎండలో ఎదురుచూస్తున్నారు. నేను అక్కడ నిలబడి మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇచ్చాను. ఆరో ప్రతిజ్ఞ శ్రాద్ధం పెట్టను, పిండదానం చేయను అంటది. పెట్టకపోవడంలో నా తప్పు లేదు, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఏడుస్తున్న తల్లి ముందర ఉపన్యాసం ఇయ్యమని ఏ ప్రతిజ్ఞలో ఉంది? తలకొరివి పట్టింది, గుండు చేయించుకున్నది, కాకికి పెట్టింది అన్నీ మా తమ్ముడే. "నాయనకు నువ్వు కొడుకువే కాదు" అన్నాడు. అప్పటి నుంచి మాటల్లేవు.

అమ్మ తమ్ముని దగ్గరనే ఉంటది. ప్రతి నెలా ఒకటో తారీఖున ఫోన్‌లో మూడు వేలు పంపేవాణ్ణి. పండుగకు పోలేదు, పబ్బానికి పోలేదు. కొడుకుగా నా ధర్మం నేను చేస్తున్నాననే అనుకున్నాను. ఉపాలి సుత్తం మొత్తం చదివిన రోజున అర్థమైంది, నేను గుమ్మం బయటికి భిక్ష పంపిస్తున్నానని.

22 ప్రతిజ్ఞలను ఒకసారి మళ్లీ చదవండి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో పలికించినవి. అన్నీ "నేను" అనే మాట మీదనే నడుస్తాయి. నేను పూజించను, నేను నమ్మను, నేను చేయించను. మా అమ్మతో మాన్పిస్తాను అని ఒక్కదాంట్లో లేదు. భార్యను అడగకుండా దేవుని పటాలు తీసి అటక మీద పడేసిన మిత్రులు నాకు తెలుసు. ఆమె రోజూ వంట చేసుకొనే ఇల్లది. ఆమె మనసు మారకముందే గోడ మారిస్తే అది ధమ్మం కాదు, పెత్తనం. సకల ప్రాణుల మీద కరుణ చూపుతానని పదమూడో ప్రతిజ్ఞ. ఆ ప్రాణుల్లో అత్తమ్మ కూడా ఉంటది కదా!

రెండేండ్ల కింద పెత్రమాస నాడు అమ్మ ఫోన్ చేసింది. "నువ్వు పెద్దలకు పెట్టకు బిడ్డా. ఊకె వచ్చి కూసో. మీ నాయనకు ఇష్టమని పుంటికూర వండిన." పోయాను. తమ్ముడు అయ్యగారికి బియ్యం ఇస్తుంటే నేను అరుగు మీద కూర్చున్నాను. తర్వాత అమ్మ పక్కన కూర్చొని తిన్నాను. తమ్ముడే వడ్డించాడు, ముఖం చూడకుండా.

ఇది రాజీ అని మన సంఘంలోనే కొందరు అన్నారు. ఆ మాట కొట్టిపారేయను. ఈ ఏడు కూర్చున్నోడు వచ్చే ఏడు కొబ్బరికాయ కొట్టడం నేనూ చూశాను. అందుకే నాకు నేను ఒక గీత గీసుకున్నాను. నా చెయ్యి క్రతువులో పడదు, దండం పెట్టను, నా ఇంట్లో అట్లాంటివి చేయించను. వాళ్ల ఇంట్లో వాళ్లు చేసుకుంటుంటే లేచి పోను, వెక్కిరించను. మీ గీత ఇంకో చోట ఉండొచ్చు. ముందే ఇంట్లో చెప్పి గీసుకోండి. నేను చేసినట్టు కాష్ఠం దగ్గర గీయకండి.

ఇంకో సంగతి. దీఘ నికాయంలోని సిగాలోవాద సుత్తంలో తల్లిదండ్రులను తూర్పు దిక్కు అన్నాడు తథాగతుడు. వాళ్ల పట్ల బిడ్డలు చేయాల్సినవి ఐదు చెప్పాడు. మొదటిది, నన్ను సాకినవాళ్లను నేను సాకడం. ఐదోది, చనిపోయినవాళ్ల పేరు మీద దానం చేయడం. పిండం పెట్టనన్న నాకు నాయనను తలుచుకునే దారి మన సుత్తంలోనే ఉండె. ఎవరూ చూపించలేదు, నేను వెతకలేదు.

ఇప్పుడు నాయన పోయిన రోజున మా ఊరి బడి పిల్లలకు నోటు పుస్తకాలు పంచుతున్నాను. మొదటి ఏడు అమ్మ ఒక్కతే వచ్చింది. పోయినేడు తమ్ముడు ఆమెను బండి మీద దింపి, గేటు బయట చెట్టు కింద నిలబడ్డాడు. పుస్తకాల కట్టలు రెండు మిగిలితే లోపలికి వచ్చి బండికి కట్టుకొని, "అంగన్‌వాడీల ఇచ్చొస్త" అన్నాడు. నాతో అన్నాడో, అమ్మతో అన్నాడో తెలియదు.

బోనం అన్నం సంగతి అడిగిన తమ్ముడికి నిన్న ఫోన్ చేశాను. "ముందుగాల అమ్మ పక్కన కూసొని అడుగు, ఎల్లమ్మ ప్రసాదమని పెడుతున్నవా, కొడుకు ఆకలితో ఉన్నడని పెడుతున్నవా అని" అన్నాను. "రెండూ అంటదన్నా" అన్నాడు. వచ్చే ఆదివారం తరగతికి వాళ్లమ్మను కూడా తీసుకొని రమ్మన్నాను. ఆమె ఏమంటదో విందాం.