లంఘన వ్యాయామము: బలము, భద్రత

వానలు అరుదైన అనంతపురం పీఠభూమిలో, మన కదిరి చుట్టుపట్ల, ఎర్రనేల వేసవికి రాయివలె బిగుసుకొనిపోతుంది. ఆ నేలమీదనే మన యువకులు కబడ్డీ ఆడుతారు. పోలీసు ఉద్యోగాల ప్రకటన వెలువడగానే లాంగ్ జంప్ అభ్యాసం ఆరంభిస్తారు. 2022 నాటి కానిస్టేబుల్ నియామక ప్రకటనలో ఈ అంశమునకు పురుషులకు 3.80 మీటర్లు, స్త్రీలకు 2.75 మీటర్లు దూరంగా నిర్ణయించినారు. జానెడు తక్కువైనా అవకాశం చేజారవచ్చును. తొందరపడి మోకాలు చెడగొట్టుకొన్నచో అవకాశంతోపాటు ఆట కూడ దూరమవుతుంది. అందువలన రెప్పపాటులో బలాన్ని వెలువరింపజేసే ‘ప్లైయోమెట్రిక్’ వ్యాయామమును గురించి, అందులో పాటింపదగిన జాగ్రత్తలను గురించి నాలుగు మాటలు విన్నవింపదలచినాము.

ఈ పద్ధతికి శాస్త్రీయ రూపం కల్పించిన ప్రముఖుడు సోవియట్ శిక్షకుడు యూరీ వెర్ఖోషాన్‌స్కీ. పీఠంమీద నుండి కిందికి దిగి, పాదాలు నేల తాకిన తక్షణమే పైకెగిరే అభ్యాసాన్ని ఆయన 1960 దశకంలో ప్రచారంలోనికి తెచ్చినాడు. 1975లో అమెరికా శిక్షకుడు ఫ్రెడ్ విల్ట్ దీనికి ‘ప్లైయోమెట్రిక్స్’ అను పేరు పెట్టినాడు.

ఇందలి సూత్రం సులభమైనది. కండరం, దానిని అంటియున్న స్నాయువు మొదట సాగి, వెనువెంటనే ముడుచుకొన్నప్పుడు, లాగి వదలిన రబ్బరు పట్టీవలె అదనపు బలం లభిస్తుంది. మధ్యలో జాగు చేస్తే ఆ శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. అయితే నేలకు దిగునప్పుడు కాళ్లపై దేహభారానికి అనేక రెట్లు ఒత్తిడి పడుతుంది. లాభమునకు, ప్రమాదమునకు మూలం ఆ క్షణమే.

మోకాలి విలువ ఎంతటిదో పుల్లెల గోపీచంద్ జీవితం తెలుపుతుంది. 1994లో ఆయన మోకాలు తీవ్రంగా గాయపడినది. శస్త్రచికిత్సలను, దీర్ఘకాలపు కష్టాన్ని ఓర్చి 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత అయినారు. ఆ పట్టుదల మనకు ఆదర్శం. కాని అటువంటి చికిత్స ప్రతి పేద విద్యార్థికి అందునా? కావున గాయపడకుండుటయే మన మార్గం.

మొదట దిగుట నేర్వవలెను, పిమ్మట ఎగురుట. జానెడు ఎత్తు మెట్టుమీద నుండి మెల్లగా దిగి, మోకాళ్లు వంచి, రెండు మూడు క్షణాలు కదలక నిలువవలెను. మోకాళ్లు లోపలికి వాలరాదు. పాదాల చప్పుడు వినరాదు. దుముకుట ఎక్కువగా గల ఆటలలో మోకాలి లిగమెంట్ గాయాలు యువకులకన్న యువతులకు ఎక్కువ కనుక, విద్యార్థినులు ఈ నియమాన్ని మరింత శ్రద్ధగా పాటింపవలెను.

రెండవది కాళ్ల బలం. మన తాలీంఖానాలలో పెద్దలు నేర్పిన బస్కీలు ఇందుకు చక్కని పునాది. ‘తాలీం’ అను ఉర్దూ మాటకు శిక్షణ అనియే కదా అర్థం! కొన్ని నెలలు వాటిని సాధన చేసిన పిమ్మటనే ఎత్తునుండి దుముకవలెను.

మూడవది నేల. సిమెంటు గచ్చు, తారు రోడ్డు పనికిరావు. దున్నిన చేను మెత్తనిదే గాని, మట్టిగడ్డలపై చీలమండ మడతపడుతుంది. రాళ్లు ఏరి, తవ్వి, ఇసుక కలిపి చదును చేసిన చోటు ఉత్తమం.

నాలుగవది మితం. పది పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కించిన పిదప, క్రొత్తవారు ఒక పూటకు పాదాలు నేల తాకు లెక్కను 80 నుండి 100కు మించనీయరాదు. వారానికి రెండుమార్లు చాలును. నడుమ కనీసం 48 గంటల విరామం ఉండవలెను. అలసట వలన దిగునప్పుడు చప్పుడు పెరిగితే ఆనాటికి చాలించవలెను. నొప్పిగాని వాపుగాని కలిగితే వైద్యుని సంప్రదింపవలెను. రంజాన్ మాసంలో రోజా ఉన్నవారు పగటి ఎండలో దుముకక, ఇఫ్తార్ పిదప కొంత వ్యవధి ఇచ్చి తేలిక అభ్యాసం చేయుట మేలు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఖరీదైన పరికరాలకన్న ముందు మైదానంలో ఒక మూల మంచి ఇసుక గుంట ఏర్పాటు చేయించండి. విద్యార్థి మిత్రులారా, ప్రకటన వెలువడిన నాడు గాక నేడే, తొందరలేకుండా, సాధన ఆరంభించండి. నేర్పుగా దిగగలిగినవాడే నిర్భయంగా ఎగురగలడు.