కౌండిన్య ఏనుగుల దారి – అడవి అంచు సేద్యం

చిత్తూరు జిల్లా పలమనేరు, కుప్పం అడవులలో చాలాకాలం ఏనుగుల గుంపులు స్థిరంగా లేవు. 1980వ దశకంలో పొరుగున ఉన్న తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి అవి తరలివచ్చిన పిదప, 1990లో కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. దీని విస్తీర్ణం సుమారు 358 చదరపు కిలోమీటర్లు. అయితే ఇక్కడ విస్తీర్ణం కంటె ఆకారమే ముఖ్యం. పల్లెల మధ్య సన్నని పట్టీవలె సాగే ఈ అడవిలో ఒక అంచు నుండి మరొక అంచుకు పోవు దారి తరచుగా పొలాల మీదుగానే ఉంటుంది. ఎదిగిన ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత అవసరం. కనుక రైతు వేసిన పైరు కూడా ఆ దారిలో భాగమే.

చెరకు దాదాపు ఏడాది పాటు పొలంలో నిలిచి మేతతోపాటు మరుగునూ ఇస్తుంది. దాటిపోవలసిన గుంపు అక్కడే ఆగిపోతుంది. రాగి, వరి పైర్లకు ముప్పు ప్రధానంగా కంకి దశ నుండి కోత వరకే. అందువలన అంచు గ్రామాలలో స్వల్పకాలిక రకాలను ఊరంతా ఒకేసారి విత్తి, ఒకేసారి కోయడం మేలు. కావలి కాయవలసిన రాత్రులు తగ్గుతాయి.

కందకం ఒక ఊరిని కాపాడినా, గుంపును పక్క ఊరికి మళ్ళించవచ్చు. 2025లో కర్ణాటక ఇచ్చిన కుంకీ ఏనుగులు గుంపులను తరమగలవు. తరిమిన గుంపు పోవుటకు దారి మిగలాలి. ఆ దారిలో బోరు మోటార్లకు వెళ్ళే విద్యుత్తు తీగలు వేలాడకుండా ఎత్తుకు బిగించడం అన్నిటికంటె ముందు చేయవలసిన పని.