పాత డీజిలు కారు కొనువారికి సూచనలు

పంటసొమ్ముతో పాత డీజిలు కారు కొనుటకు హైదరాబాదులోని సంతోష్‌నగర్ వంటి పేటలకు పోవు గ్రామస్థులు పైమెరుగు చూచి మోసపోరాదు. పంచాయతీ సభ్యులు వారికి ఈ సంగతులు తెలుపవలెనని కోరుచున్నాము.

ఇంజను చల్లగా నున్నప్పుడే బండిని చూడవలెను. అమ్మువాడు ముందుగానే వేడిచేసి యుంచినచో మరొకనాడు పోవుట మేలు. ఏలయన వేడి ఇంజను స్టార్టింగు లోపమును దాచును. నీలిపొగ విడువక వచ్చినచో ఆయిలు మండుచున్నదని గుర్తు. దట్టమైన నల్లపొగ గాలి చాలకుండుటనో, ఇంధనము మితిమీరుటనో తెలుపును. ఇంజను వేడెక్కిన పిదపను తెల్లపొగ తగ్గనిచో ఇంజెక్టరు లోపమును గాని, కూలెంటు లోనికి కారుటను గాని శంకింపవలెను.

మీటరు తక్కువ కిలోమీటర్లు చూపుచు, పెడళ్ల రబ్బరులు మిక్కిలి అరిగియున్నచో ఆ అంకెను నమ్మరాదు.

ఇంజను, ఛాసిస్ నంబర్లను ఆర్.సి.తో సరిచూచుకొనవలెను. బండిపై అప్పున్నచో అది తీరినట్లు పత్రము చూపనిదే సొమ్ము చెల్లింపరాదు. కొన్నవారు 30 దినములలో పేరు మార్పునకై రవాణా కార్యాలయమునకు తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. రిజిస్ట్రేషను ఎవరి పేర నున్నదో వారే ప్రమాద పరిహారమునకు బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. కావున బండి అమ్మిన రైతు సైతము పేరు మారువరకు నిశ్చింతగా నుండరాదు.